రేవు పట్నాలు – ఇచ్చిందెవరు, పుచ్చుకుందెవరు?

తెలుగు దేశపు రేవు పట్నాల గురించి మన చరిత్ర రచనలో రెండు ధోరణులు స్థిరపడిపోయాయి. మొదటిది గర్వం. మనవాళ్ళు ఓడలెక్కి సువర్ణద్వీపం వెళ్ళారనీ, అక్కడ మతాన్నీ లిపినీ శిల్పాన్నీ నాటి వచ్చారనీ చెప్పుకునే ధోరణి. జాతీయోద్యమ కాలంలో బృహత్తర భారతం అనే భావన చుట్టూ పెరిగిన ఈ ధోరణి ఇవాళ్టికీ పాఠ్యపుస్తకాల్లో బతికే ఉంది. రెండోది కృతజ్ఞత. పాశ్చాత్యులు ఓడల్లో వచ్చి మనకు అచ్చుయంత్రాన్నీ, బడినీ, మునిసిపాలిటీనీ, కొత్త భావాల్నీ ఇచ్చారని చెప్పే ధోరణి. భీమునిపట్నంలో డచ్చివారి సమాధుల ముందు ఫోటోలు తీయించుకునే విహారయాత్ర సంస్కృతి దీని తాజా రూపం.

ఈ రెండూ పైకి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. ఒకటి మనం ఇచ్చామంటుంది, రెండోది మనం పుచ్చుకున్నామంటుంది. కాని రెండు కథల్లోనూ నాయకుడు ఒకడే. వాడు ఓడ యజమాని. ఓడ కట్టిన వడ్రంగి, ఓడలోకి ఎక్కిన బట్ట నేసిన సాలె, మూటలు మోసిన కళాసీ, ఓడ అడుగున కిక్కిరిసి కూర్చుని రంగం వెళ్ళిన కూలీ ఈ రెండు కథల్లోనూ లేరు. సాంస్కృతిక వినిమయం అనే అందమైన మాటను వాడే ముందు ఆ వినిమయం ఎవరి చేతుల మీదుగా జరిగింది, ఎవరి ఖర్చుతో జరిగింది అని అడగవలసిన బాధ్యత సాహిత్య విమర్శకుడికి ఉంది. ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసం.

నేను నర్సీపట్నంలో తెలుగు చెప్పే బడిపంతుల్ని. మా ఊరి పేరులో పట్నం ఉంది గాని ఊళ్ళో సముద్రం లేదు. మేడెక్కితే కనిపించేవి చింతపల్లి వైపు కొండలు. అలాంటి చోట కూర్చుని రేవుల గురించి రాయడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. రేవు అంటే ఇసుకా, అలలూ, దీపస్తంభమూ మాత్రమే అనుకున్నంత కాలం అది విడ్డూరమే. రేవుకు రెండు కొసలుంటాయి. ఒక కొస సముద్రం అవతలి బజారులో ఉంటుంది. రెండో కొస సరుకు పుట్టిన చోట, అంటే మగ్గం గుంటలోనో, అడవిలోనో, కొండవాలులోనో ఉంటుంది. నేను ఆ రెండో కొస దగ్గర ఉన్నాను.

1. శాసనం మీద సరుకుల జాబితా

పాత సంగతులతో మొదలుపెడదాం. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ అనే గ్రంథంలో మసాలియా అన్న తీరం ఉంది. కృష్ణా ముఖద్వారపు ప్రాంతమే అది. అక్కడ సన్నని నూలుబట్ట విరివిగా తయారవుతుందని అతను రాసుకున్నాడు. శాతవాహన యజ్ఞశ్రీ నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. ఘంటసాల ప్రాకృత శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. మా జిల్లా వైపు చూస్తే అనకాపల్లి దగ్గర శంకరం కొండ, భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ. బౌద్ధ భిక్షువులు తమ విహారాలను సముద్రం కనిపించే కొండల మీద కట్టుకున్నారు. తొట్లకొండలో శాతవాహన నాణేలతో పాటు రోమను నాణేలు కూడా దొరికాయి. వర్తకుడి దానం లేకుండా విహారం లేదు. గాలివాలు మారేదాకా ఆగడానికి చోటు లేకుండా వర్తకుడు లేడు. ధర్మమూ వ్యాపారమూ ఒకే కొండ మీద పక్కపక్కనే బతికాయన్నది ఇక్కడ స్పష్టం.

ఆ తరవాత మోటుపల్లి. కాకతి గణపతిదేవుడు శకవర్షం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, అక్కడ వేయించిన అభయశాసనం మన వర్తక చరిత్రలో గొప్ప పత్రం. అందులో విషయం ఇది: పూర్వపు రాజులు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారాన్నీ, ఏనుగుల్నీ, గుర్రాల్నీ, రత్నాల్నీ బలవంతంగా తీసుకునేవారు. ప్రాణం కన్న ధనమే మిన్న అనుకుని సముద్రప్రయాణపు అపాయానికి ఒడిగట్టిన వర్తకులకు మేము దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణీతమైన సుంకం తప్ప తక్కినదంతా విడిచిపెడుతున్నాము. ఆ సుంకం ముప్పయ్యోవంతు. తరవాత శ్రీగంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు, రాగి, సీసం, పట్టునూలు వగైరా సరుకుల మీద రేట్లు వరసగా ఉన్నాయి.

ఈ శాసనాన్ని రాజు ఔదార్యానికి నిదర్శనంగా చెప్పడం మామూలు. ఔదార్యం ఉంటే ఉండవచ్చు. దాని వెనక లెక్క కూడా ఉంది. పగిలిన ఒక్క ఓడను దోచుకుంటే ఆ ఏడాదికి లాభం. ఓడలన్నీ భయం లేకుండా వచ్చేట్టు చేస్తే ఏటేటా ముప్పయ్యోవంతు. దోపిడి నుంచి పన్నుకు మారడం రాజ్యవ్యవస్థ పరిణతిలో ఒక మెట్టు. దాన్ని తక్కువ చేయనవసరం లేదు. అయితే అభయం దక్కింది సరుకుకూ సరుకు యజమానికీ. ఓడతో పాటు మునిగిన కళాసీ ఆ రాతిమీదికి ఎక్కలేదు. 13వ శతాబ్ది చివర మార్కోపోలో ముట్ఫిలి అన్న పేరుతో వర్ణించింది ఈ రేవునే. వజ్రాలూ, సాలెగూడులాంటి సన్నబట్టలూ ఉన్నాయని అతను రాశాడు. ఇవాళ మోటుపల్లి ఒక చిన్న పల్లె.

సాహిత్య విద్యార్థులు గమనించవలసిన సంగతి మరొకటుంది. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది రాజుకు కాదు, అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడికి. కొండవీటి కుమారగిరిరెడ్డి జరిపే వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు తెప్పించిపెట్టిన కుటుంబం వాళ్ళది. ఆ కావ్య పీఠికలో ఏ దీవి నుంచి ఏ సరుకు వచ్చిందో కవి ఏకరువు పెట్టాడు. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు. తెలుగు కావ్యం రాజసభ నుంచి వర్తకుడి చావడిదాకా నడిచిన సందర్భం ఇది. కృతిపతి మారాడు. కాని కావ్య వస్తువు మారలేదు. శివుడి విలాసాల కథే చెప్పాడు గాని ఓడ సరంగు కథ చెప్పలేదు. పోషకుడు మారినంత మాత్రాన వస్తువు మారదనీ, సమాజపు అడుగుపొరలో కదలిక వస్తేనే మారుతుందనీ చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ మన ప్రాచీన సాహిత్యంలో నాకు కనిపించదు.

2. మగ్గం గుంటలో రేవు

పదిహేడో శతాబ్దంలో కథ బందరుకు మారింది. బందరు అన్న మాటే పారశీకం. రేవు అని అర్థం. మచిలీపట్నం గోలకొండ రాజ్యపు వాకిలి. అక్కడి నుంచి అరకానుకూ, పెగూకూ, ఆచేకూ, పర్షియాకూ, ఎర్రసముద్రానికీ ఓడలు వెళ్ళేవి. ఇరానునుంచి వచ్చి గోలకొండలో మంత్రిపదవి దాకా ఎదిగిన మీర్ జుమ్లా సొంత ఓడలు నడిపిన వర్తకుడు. డచ్చివారు 1605లో వచ్చారు. ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. వాళ్ళను ఈ తీరానికి లాక్కొచ్చింది ఏమిటి? మిరియాలూ లవంగాలూ జాజికాయా ఇక్కడ లేవు. అవి తూర్పు దీవుల్లో ఉన్నాయి. కాని ఆ దీవులవాళ్ళు సుగంధద్రవ్యాలకు బదులుగా కోరేది తెలుగు తీరపు బట్టను. ఈ బట్ట లేకపోతే ఆ లవంగం లేదు. అందుకే ఒక డచ్చి అధికారి ఈ తీరాన్ని మొలక్కా దీవుల ఎడమచెయ్యిగా వర్ణించాడు. చెయ్యి అన్నమాట నిజమే. ఆ చెయ్యి సాలెవాడిది.

ఇక్కడి నేతగాడికి జావా రుచి తెలుసు, పర్షియా రుచి తెలుసు. పెడన, బందరు కలంకారీ అచ్చుల్లోని సైప్రస్ చెట్టూ, తీగల అల్లికా, మిహరాబు ఆకారమూ పర్షియా వాడకందారుల కోసం రూపుదిద్దుకున్నవి. కలంకారీ అన్న పేరు కూడా వాళ్ళదే. ఏ పండితుడూ కూర్చుని ఈ సమన్వయం చేయలేదు. చెక్క మీద అచ్చు చెక్కినవాడూ, చిరివేరుతో ఎరుపు దించినవాడూ, బట్టను ఏటినీళ్ళలో ఉతికినవాడూ కలిసి చేశారు. సమన్వయ సంస్కృతి అన్నదానికి నాకు తెలిసినంతలో గట్టి నిర్వచనం ఇదే: ఎరగని మనిషి ఇష్టాన్ని చేతిపనిలోకి తెచ్చుకోవడం.

కాని ఈ కథకు రెండో సగం ఉంది. ఉత్తర సర్కారులు 1765-66లో కంపెనీ చేతికి వచ్చాయి. అంతవరకు కంపెనీ కొనేవాళ్ళలో ఒకడు. నేతగాడు ఒకడితో కుదరకపోతే ఇంకొకడికి అమ్ముకునేవాడు. బయానా పుచ్చుకుని కూడా బేరం తప్పించుకోగలిగేవాడు. కొనేవాడే పాలకుడయ్యాక ఆ వెసులుబాటు పోయింది. బయానా సంకెల అయింది. గుమాస్తా చెప్పిందే కొలత, చెప్పిందే ధర. పద్దెనిమిదో శతాబ్దం చివరలో గోదావరి, విశాఖ ప్రాంతాల నేతగాళ్ళు దీన్ని ఎదిరించారు. అర్జీలు పెట్టారు, మగ్గాలు ఆపారు, ఊళ్ళు విడిచి వెళ్ళారు. పారిశ్రామిక విప్లవం మన మగ్గాన్ని చంపిందని మనం సులువుగా చెప్పేస్తాం. మిల్లుగుడ్డ వచ్చేనాటికే సాలెవాడి బేరమాడే శక్తిని రాజ్యాధికారం విరిచేసి ఉంచిందన్న సంగతి మరవకూడదు.

నరసాపురం పక్కన మాధవాయపాలెం అని ఒక ఊరు. అక్కడ ఇంగ్లీషువారి వర్తకస్థావరం ఉండేది. ఆ చుట్టుపక్కల ఓడలు కూడా కట్టేవారు. అక్కడి నుంచి వెళ్ళిన బట్టకు ఐరోపాలో ఆ ఊరి పేరే మడపొలం అని స్థిరపడింది. తరవాత లాంకషైరు మిల్లులు ఆ రకం బట్టను నేసి, అదే పేరుతో మన దేశానికే పంపాయి. ఊరి పేరు పరాయి గుడ్డ మీద ఎక్కి ఇంటికి తిరిగొచ్చింది. ఊళ్ళో మగ్గం మాత్రం మిగల్లేదు. వినిమయం అన్న మాటను వాడేటప్పుడు ఈ మడపొలం గుడ్డను గుర్తుంచుకోవాలని నా మనవి.

3. నోటిలో మిగిలిన సముద్రం

శాసనాలూ కావ్యాలూ వదిలేసినదాన్ని భాష దాచిపెడుతుంది. అనకాపల్లి బెల్లం బజారులో రోజూ వినిపించే ఒక వాక్యం తీసుకోండి: వేలం అయ్యాక కళాసీలు దిమ్మలన్నీ గోదాములో పడేశారు. ఇది అచ్చ తెలుగు వాక్యం. ఇందులో వేలం పోర్చుగీసు లెయిలాఁవ్ నుంచి వచ్చింది. కళాసీ అంటే అసలు ఓడ మీద పనిచేసే నావికుడు, అరబ్బీ పారశీకాల మీదుగా వచ్చిన మాట. మా ప్రాంతంలో అది ఒడ్డెక్కి మూటలు మోసేవాడికి పేరయింది. గోదాము మలయా భాషలోని గుదాంగ్‌కు చుట్టం. ఆ గుదాంగ్ మన గిడ్డంగి నుంచే వెళ్ళిందని ఒక వాదం ఉంది. అదే నిజమైతే మన మాట దీవులకు వెళ్ళి, ఇంగ్లీషువాడి నోట పడి, వేషం మార్చుకుని మన బజారుకే వచ్చి గిడ్డంగి పక్కన కూర్చుంది. ఈ వాక్యం పలికే మనిషి జన్మలో ఓడ ఎక్కి ఉండడు. అయినా అతని నోట్లో మూడు సముద్రాలున్నాయి.

పోర్చుగీసువారిని మనవాళ్ళు బుడతకీచులన్నారు. డచ్చివారిని వలందులన్నారు. ఫ్రెంచివారిని పరాసులన్నారు. బుడతకీచులు మన భాషలో వదిలిన మాటలు చూడండి: మేస్త్రీ, ఇస్త్రీ, సబ్బు, తువాలు, బొత్తాం, కాజా, పీపా, అల్మారా, పాదిరి, అనాస. పాదిరి ఒక్కడు తప్ప మతం లేదు. తత్త్వం అసలే లేదు. బట్టలుతికేవాడూ, కుట్టేవాడూ, వడ్రంగీ, వంటవాడూ, తోటమాలీ నేర్చుకున్న మాటలివి. దొరలూ పండితులూ కూర్చుని జరిపిన చర్చలో ఒక్క మాట పుట్టలేదు. పనిచేసే చేతుల మధ్య పుట్టిన మాటలు నాలుగు వందల ఏళ్ళు నిలిచాయి. ఈ విషయాన్ని మన వ్యుత్పత్తి పరిశోధకులు భాషాశాస్త్రంగా మాత్రమే చూశారు. ఇది వర్గచరిత్ర కూడా.

మాటలు పైకెక్కినట్టే కిందికీ జారతాయి. కళింగ అన్న పేరు నుంచి మలయాలో క్లింగ్ లేక కెలింగ్ అన్న మాట పుట్టింది. పాత మలయా గ్రంథాల్లో కెలింగ్ అంటే సంపన్న వర్తకుల దేశం. తోటల్లోకి కూలీలను తోలుకెళ్ళే వలస పాలన వచ్చాక అదే మాట తిట్టు అయింది. కోరంగి కూడా అంతే. అది కాకినాడ పక్కన గౌతమీ పాయ మీద ఉన్న రేవు. ఓడలు కట్టడానికీ బాగుచేయడానికీ పేరుపడ్డ ఊరు. 1789లోనూ 1839లోనూ తుఫాను ఉప్పెనలు దాన్ని తుడిచిపెట్టాయి. సైక్లోన్ అన్న పదాన్ని పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ తన గ్రంథంలో ఈ కోరంగి ఉప్పెనను వర్ణించాడు. రేవు పూడిపోయింది, కాకినాడ పెరిగింది. కాని ఆ పేరు బర్మాలో బతికింది. అక్కడ కోరంగీ అంటే తెలుగు కూలి. మాట మారలేదు, మనిషి అంతస్తు మారింది. ఒక జాతిపేరు గౌరవం నుంచి తిట్టుకు ఎలా జారుతుందో చూస్తే ఆ జాతి సముద్రం మీద యజమానిగా వెళ్ళిందా, సరుకుగా వెళ్ళిందా అన్నది తెలుస్తుంది.

4. రంగం

మా ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగం అంటే రంగస్థలం అనుకునేవాళ్ళు తక్కువ. రంగూను అనే అర్థం. కరువొస్తే రంగం, అప్పు తీరకపోతే రంగం, ఇంట్లో తగాదా పడితే రంగం. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాలపురం రేవుల్లో పొగఓడలు జనాన్ని ఎక్కించుకునేవి. ఓడదాకా పడవ, ఓడలో కిక్కిరిసిన మెట్టు, దిగగానే మేస్త్రీ. మేస్త్రీ ఇచ్చిన బయానాయే టిక్కెట్టు, అదే అప్పు, అదే బందిఖానా. బందరు నేతగాణ్ణి కట్టేసిన పద్ధతి ఇక్కడ కూలిని కట్టేసింది. రంగూను రేవులో మూటలు మోసింది వీళ్ళే. బియ్యపు మిల్లుల్లో పనిచేసింది, రిక్షా లాగింది, వీధులు ఊడ్చింది వీళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగు మాట్లాడేవాళ్ళు లక్షన్నర దాటారు. రంగూను నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే.

1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలిరేటు కోసం సమ్మె చేశారు. ఓడల కంపెనీల తరఫువాళ్ళు బర్మా కూలీలను పనిలోకి తెచ్చారు. సమ్మె పరిష్కారమయ్యాక మే 26న తెలుగువాళ్ళను తిరిగి పనిలో పెట్టుకుని, బర్మావాళ్ళను పొమ్మన్నారు. రేవులో మాటామాటా పెరిగి దాడులయ్యాయి. రోజుల తరబడి సాగిన ఆ మారణకాండలో వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలు. దీన్ని జాతుల మధ్య ద్వేషంగా చరిత్రలో రాశారు. ద్వేషం ఉంది, కాదనలేం. కాని రెండు జాతుల పేదవాళ్ళను ఒకే పనికోసం ఒకే గేటు ముందు నిలబెట్టి, ఇవాళ ఒకణ్ణి రేపు ఇంకొకణ్ణి పిలిచే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఆ చెయ్యి అల్లర్ల జాబితాలో కనిపించదు. అదే సమయంలో బర్మా రైతు వైపు నుంచి కూడా చూడాలి. మన దేశపు వడ్డీవ్యాపారి అతని పొలం తినేస్తుంటే, మన దేశపు కూలి తక్కువ రేటుకు అతని పని తీసుకుంటుంటే, అతనికి ఇద్దరూ ఒకటిగానే కనిపించారు. పైనున్న చెట్టియారుకూ కింద ఉన్న కోరంగీకీ మధ్య తేడా చెప్పగల కార్మికోద్యమం అప్పటికి అక్కడ బలపడలేదు.

1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశించాక నాలుగైదు లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచివచ్చారు. దారిలో రాలిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆ ఏడు ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. 1962లో బర్మాలో సైనికపాలన వచ్చి వ్యాపారాల్ని జాతీయం చేశాక మరో దఫా జనం తిరిగివచ్చారు. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది. వాళ్ళు తెచ్చిన నూడుల్సు వంటకం విశాఖ వీధుల్లో దొరుకుతుంది. జనం ఇష్టంగా తింటారు. తినేవాళ్ళలో ఆ నడక గురించి తెలిసినవాళ్ళు ఎందరు?

మన సాహిత్యంలో రంగూను రౌడీ అని ఒక నాటకం వచ్చింది, ఆ పేరుతో 1979లో సినిమా కూడా వచ్చింది. రంగూను అనగానే రౌడీ గుర్తొచ్చినంత సులువుగా మనకు రేవుకూలి గుర్తురాలేదు. రావిశాస్త్రి విశాఖ వీధుల్నీ కోర్టుల్నీ సారా వ్యాపారాన్నీ చూపించినంత దగ్గరగా ఓడ అడుగుభాగాన్ని చూపించిన రచన మనకు చాలినంత రాలేదు.

5. కొండమీద రేవు

ఇక నా ఊరి వైపు వస్తాను. విశాఖ హార్బరును 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. అలల ఉరవడి ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి, బురదనేలను తవ్వి కట్టిన రేవు అది. కట్టడంలో ప్రధానోద్దేశం మధ్యపరగణాల నుంచి ముడిఖనిజాన్ని, ముఖ్యంగా మాంగనీసును, సముద్రానికి చేర్చడం. స్వాతంత్ర్యం వచ్చాక కూడా సరుకు దిశ మారలేదు. 1960ల్లో జపాను సహకారంతో కొత్తవలస–కిరందూలు రైలుమార్గం వేశారు. బైలదిల్లా ఇనుపఖనిజం అరకు లోయ సొరంగాల మీదుగా దిగి జపానుకు వెళ్ళింది. పెద్ద ఓడల కోసం 1976 నాటికి ఔటర్ హార్బరు వచ్చింది. ఖనిజం వెళ్ళిన దారిలో ఉన్న గిరిజనుడికి ఆ రైలు ఏమి తెచ్చిందన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకాకేంద్రంలో జల ఉష ఓడ 1948లో నీళ్ళలోకి దిగినప్పుడు దేశం గర్వించింది. ఆ గర్వం న్యాయమైనదే. ఓడ కట్టగల చేతులు మనకున్నాయని కోరంగి, నరసాపురం వడ్రంగులు అంతకుముందు శతాబ్దాల్లోనే రుజువు చేసి ఉన్నారు.

రేవు పెద్దదైతే చిన్న రేవులు చస్తాయి. పంతొమ్మిదో శతాబ్దంలో భీమిలి రేవు నుంచి ఎగుమతైన గోగునారకు ప్రపంచ బజారులో బిమ్లీ జ్యూటు అని పేరు. కరక్కాయలు తోళ్ళ పరిశ్రమకు వెళ్ళేవి. ఆ కరక్కాయ ఏరింది మా మన్యంలో. 1882 మద్రాసు అటవీచట్టం వచ్చాక ఏరుకునే హక్కే నేరమైంది. కొండ నుంచి పల్లానికి సరుకూ, పోలీసూ నడవడానికి రోడ్డు కావాలి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు పనిలో గూడెం తాసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత చాలీచాలని కూలికి చేయించిన వెట్టి, అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషన్ మీద దాడితో మొదలైన పితూరీకి ఒక ముఖ్యకారణం. మన్యం పితూరీని స్వాతంత్ర్య పోరాటంలో భాగంగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. ప్రపంచ బజారు అడవిలోకి చాపిన చెయ్యి మీద పడిన బాణంగా కూడా దాన్ని చదవాలి.

ఆ చెయ్యి వెనక్కిపోలేదు. 2015లో జెర్రెల కొండల బాక్సైటు తవ్వకానికి అటవీభూమి ఇస్తూ ప్రభుత్వం జీవో 97 తెచ్చింది. గిరిజనుల ప్రతిఘటన తరవాత అది 2019లో రద్దయింది. మరోవైపు అరబ్బు దేశం నుంచి వచ్చిన కాఫీ ఈ కొండల్లో పాతుకుంది. అరకు పేరుతో 2017 నుంచి పారిసులో దుకాణమే ఉంది. కాఫీ పెంచే గిరిజన రైతుకు బాక్సైటు తీసుకురానిది ఒకటి అది తెచ్చింది: భూమి కాళ్ళకింద ఉండగానే వచ్చే ఆదాయం. కాబట్టి సముద్ర వర్తకం తనంతట తాను మంచీ కాదు, చెడ్డా కాదు. సరుకు మీద ఎవరి హక్కు, ధర ఎవరు కడతారు, నేల ఎవరి దగ్గర మిగులుతుంది అన్నవి తేల్చేదాకా ఆ మాటకు అర్థం లేదు. తీరంలోనూ అదే ప్రశ్న. గంగవరంలో 2009లో రేవు పనిచేయడం మొదలుపెట్టింది. గంగవరం, దిబ్బపాలెం జాలర్లు వేటకు వెళ్ళే ఒడ్డు పోగొట్టుకున్నారు. రేవు కట్టడం కోసం రేవువాళ్ళనే ఖాళీ చేయించడం మన కాలపు వింత.

6. మనం చేయవలసినది

నా తరగతిలో మన్యం పిల్లలున్నారు. పాయకరావుపేట వైపు జాలరి పల్లెల నుంచి చదువుకోసం వచ్చిన పిల్లలున్నారు. తాత రంగంలో పుట్టాడని చెప్పే పిల్లలున్నారు. వీళ్ళకు నేను చెప్పే పాఠంలో మోటుపల్లి ఉంది, శ్రీనాథుడున్నాడు, వాస్కోడిగామా ఉన్నాడు. వాళ్ళ తాతలు లేరు. చదువుకున్నకొద్దీ ఆ పిల్లలకు చరిత్ర అంటే తమది కానిదని అర్థమవుతుంది. తనకు చరిత్ర లేదని నమ్మినవాడు రేపు తన ఒడ్డునో కొండనో ఎవరో కొలుస్తుంటే తనకేం హక్కుందిలే అనుకుంటాడు. సాహిత్యంలోని ఖాళీ చివరికి భూమి కాగితాల్లో ఖాళీగా తేలుతుంది. ఇది సాహిత్య ప్రశ్న మాత్రమే కాదని అందుకే అంటున్నాను.

రచయితలకూ విద్యార్థులకూ నా సూచన చిన్నది. విశాఖ రేవులో, అనకాపల్లి బజారులో కళాసీల పనిమాటలు సేకరించండి. పెడనలో అచ్చులు చెక్కేవాళ్ళ దగ్గర ఏ అచ్చుకు ఏ పేరో రాసుకోండి. తీరపు పల్లెల్లో గాలులకూ నీటివాలుకూ చేపలకూ ఉన్న పేర్లు నిఘంటువులకు ఎక్కనివి చాలా ఉన్నాయి. చిట్టివలసలో గోగునార మిల్లు మూతపడింది, ఆ మిల్లులో పనిచేసిన మనుషులు ఇంకా ఉన్నారు. మాట రాసుకునేటప్పుడు అర్థంతో ఆగకండి. ఆ మాట ఏ పనిలో పుట్టింది, ఆ పనికి కూలి ఎవరిచ్చారు, ఎంతిచ్చారు, పని పోయాక ఆ మనిషి ఎటు వెళ్ళాడు అని కూడా అడగండి. కథలూ నవలలూ వాటంతటవే వస్తాయి.

మోటుపల్లి రాతిమీద సుంకం రేటు ఏడువందల ఎనభై ఏళ్ళుగా చెరిగిపోకుండా ఉంది. వచ్చే ఏడాది వెళ్ళినా అక్కడే ఉంటుంది. 1942లో తల్లి చంకనెక్కి బర్మా అడవులు దాటిన పసిపిల్లకు ఇప్పుడు ఎనభై దాటాయి. ముందు వెళ్ళవలసింది ఆమె ఇంటికి.